వెతుకులాటకూ చోటు కావాలి!

పొలం కొనేముందు ఈసీ తీయిస్తాం. ముప్ఫై ఏళ్ల లావాదేవీలు నిమిషాల్లో కాగితం మీదికి వచ్చేస్తాయి. కోట్ల దస్తావేజుల్లోంచి మన సర్వే నంబరును కంప్యూటర్ అంత త్వరగా ఎలా పట్టుకుంటుంది? ఆ పట్టుకోవడం కోసం అది ఎంత చోటు తినేస్తుంది? ఆ లెక్క ముందే వేసుకోకపోతే ఏమవుతుంది?

పుంగనూరుకూ పలమనేరుకూ మధ్యనున్న పెద్దపంజాణి మండలంలో ఎవరో రెండెకరాల మెట్టచేను బేరం చేశారనుకుందాం. ధర కుదిరింది. బయానా ఇవ్వడానికి డబ్బూ సిద్ధంగా ఉంది. అప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ‘ఈసీ తీశారా?’

ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్... జనం నోట ఈసీ. ఆ భూమిని ఇంతకుముందు ఎవరు ఎవరికి అమ్మారు, ఎక్కడైనా తాకట్టు రిజిస్టరయిందా, అన్నదమ్ములు భాగపరిష్కారం రాసుకున్నారా అన్నది చెప్పే కాగితం. బ్యాంకుకు వెళితే పదమూడేళ్లదో ముప్ఫై ఏళ్లదో తెమ్మంటారు. ఆ కాగితంలో ఒక్క తాకట్టు కనిపించకుండా పోయిందంటే చాలు, ఒక కుటుంబం టమోటాల మీదా పాల మీదా ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న సొమ్ము కోర్టుల పాలే.

అంత ముఖ్యమైన కాగితం వెనకాల నిలబడి పనిచేసేది ఒక చిన్న ఏర్పాటు. దానిపేరే ఇండెక్సు. తెలుగులో చెప్పుకోవాలంటే సూచిక.

బ్రిటిష్ కాలం నాటి సూచిక

ఇండెక్సు కంప్యూటర్లతో పుట్టింది కాదు. మన రిజిస్ట్రేషన్ చట్టం 1908 నాటిది. స్థిరాస్తికి సంబంధించిన దస్తావేజులను సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఒకటో పుస్తకంలో ఎక్కించాలని అందులోని 51వ సెక్షన్ చెబుతుంది. అక్కడితో ఆగలేదు. ఆ పుస్తకానికి సూచికలు కూడా ఉండి తీరాలని 55వ సెక్షన్ ఆదేశిస్తుంది. ఇండెక్స్-1లో రాసిచ్చినవారి పేర్లు, రాయించుకున్నవారి పేర్లు. ఇండెక్స్-2లో ఆస్తి వివరాలు. రుసుం కడితే ఎవరైనా ఈ సూచికలను చూసుకోవచ్చని 57వ సెక్షన్ హక్కు కూడా ఇచ్చింది.

ఎందుకిలా? ఒకటో పుస్తకంలో దస్తావేజులు వచ్చిన వరుసలోనే ఎక్కుతాయి. ఈరోజు ఒక ఊరి చేను, రేపు ఇంకో ఊరి ఇల్లు, ఎల్లుండి మరో ఊరి మామిడితోట. ఒక సర్వే నంబరు కావాలంటే మొదటి పుట నుంచి చివరి పుట దాకా తిరగేయాల్సిందే. సూచిక ఉంటే ఊరు, సర్వే నంబరు చూసి నేరుగా ఆ వాల్యూం, ఆ పుట తెరవచ్చు.

అయితే సూచిక ఊరికే రాదు. దానికి వేరే పుస్తకం కావాలి, ఆ పుస్తకానికి బీరువాలో చోటు కావాలి. పైగా ఒక దస్తావేజు వచ్చిందంటే పని ఒకసారితో అయిపోదు. అమ్మినవారు ఇద్దరు, కొన్నవారు ఇద్దరు అయితే పేర్ల సూచికలో నాలుగు పద్దులు. రెండు సర్వే నంబర్లుంటే ఆస్తి సూచికలో మరో రెండు. అంటే ఒక్క దస్తావేజుకు ఆరు పద్దులు! మనం చెప్పుకోబోయే లెక్కంతా ఈ ఆరులోనే ఉంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ పుస్తకాలను కంప్యూటర్లకు ఎక్కించే పని ‘కార్డ్’ పథకంతో ఊపందుకుంది. 1998లో 214 సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో అది మొదలైంది. ఆనాడు ఆ శాఖ పగ్గాలు పట్టి దాన్ని నడిపించిన ఐఏఎస్ అధికారి జె.సత్యనారాయణ తర్వాతి కాలంలో ఆధార్ సంస్థకు చైర్మన్ కూడా అయ్యారు. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో 1983 నుంచి జరిగిన లావాదేవీలకు ఈసీ ఆన్‌లైన్లో వస్తోంది. అంతకుముందువి కావాలంటే పాత పుస్తకాలు తిరగేయాల్సిందే.

నాలుగు మెట్లు ఎక్కితే చాలు

కంప్యూటర్‌లోని ఇండెక్సు కూడా పుస్తకంలాంటిదే. కాకపోతే దాని పుటలు చెట్టు కొమ్మల్లా ఒకదాని కింద ఒకటి అమరి ఉంటాయి. ఈ అమరికకు ‘బీ-ట్రీ’ అని పేరు. అమెరికాలో విమానాలు తయారుచేసే బోయింగ్ కంపెనీ పరిశోధనశాలలో పనిచేస్తూ రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ దీన్ని కనిపెట్టారు. 1972లో వారి వ్యాసం అచ్చయింది. గమ్మత్తేమిటంటే, అందులో ‘బీ’ అంటే ఏమిటో వాళ్లు తేల్చి చెప్పనే లేదు! ఈనాటికీ ప్రపంచంలోని డేటాబేసుల్లో ఎక్కువ భాగం ఈ చెట్టు నీడనే నడుస్తున్నాయి.

దీని సత్తా ఏమిటో ఒక ఉదాహరణతో చూద్దాం. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే ఉచిత డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో ఒక్కో పుట 8 కేబీ, అంటే 8,192 బైట్లు. సూచికలో 8 బైట్ల సంఖ్యను ఉంచాలంటే, దాని అసలు చిరునామా, ఇతర సొంత ఖర్చులు కలిపి ఒక్కో పద్దుకు 20 బైట్లు పడతాయి. కొత్త పద్దుల కోసం పుటలో పదోవంతు ఖాళీ వదులుతారు. అప్పుడు ఒక్కో పుటలో 366 పద్దులు పడతాయి.

మన దేశంలో ఇచ్చిన ఆధార్ నంబర్లు 130 కోట్లు దాటాయి. ఆధార్ సంస్థ లోపల ఏం వాడుతున్నారన్నది పక్కనబెట్టి, అన్ని సంఖ్యలకూ ఇలాంటి సూచిక కడితే ఎంతవుతుందో చూద్దాం. 130 కోట్లను 366తో భాగిస్తే సుమారు 35 లక్షల 52 వేల పుటలు. ఒక్కోటి 8 కేబీ చొప్పున మొత్తం 29 జీబీ. మన సెల్‌ఫోన్లోని చిన్న మెమొరీ కార్డులో పట్టేస్తుంది! ఇక వెతకడానికి? పైనుంచి కిందికి నాలుగే నాలుగు పుటలు చూస్తే చాలు, 130 కోట్లలో ఏ నంబరైనా దొరికిపోతుంది.

అదే సూచిక లేకపోతే? ఒక్కొక్కరి వివరాలు ఒక కేబీ అనుకున్నా 1,300 జీబీ మొత్తం చదవాలి. సెకనుకు 200 ఎంబీ చదివే డిస్కుకు దాదాపు గంటా నలభై ఎనిమిది నిమిషాలు పడుతుంది. కౌంటర్ దగ్గర ఒక్కరి పనికే అంతసేపైతే, వెనక క్యూలో ఉన్నవారి సంగతి చెప్పక్కర్లేదు.

మన ఊరి పేరు బరువెంత?

సంఖ్యల లెక్క తేలికే. చిక్కంతా పేర్లతోనే. అందులోనూ తెలుగు పేర్లతో!

కంప్యూటర్‌కు ఇంగ్లిషు అక్షరం ఒక్కో బైటు. తెలుగుకు అలా కుదరదు. ప్రపంచ భాషలన్నీ ఒకేచోట ఇమిడే యూనికోడ్ పద్ధతిలో తెలుగుకు 128 గళ్లు కేటాయించారు. దాన్ని భద్రపరచడానికి ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు. గుర్తు అంటే పూర్తి అక్షరం కాదు. ‘పె’లో ‘ప’ ఒకటి, ఎత్వం ఒకటి. ‘ద్ద’లో ‘ద’, పొల్లు, మళ్లీ ‘ద’... మొత్తం మూడు.

ఈ లెక్కన ‘పెద్దపంజాణి’ని విడదీస్తే 11 గుర్తులు. అంటే 33 బైట్లు. అదే పేరును ఇంగ్లిషులో రాస్తే 12 అక్షరాలు, 12 బైట్లే. ‘వెంకటరమణ’ అన్న పేరు తెలుగులో 24 బైట్లు, ఇంగ్లిషులో 13. కాబట్టి ఇంగ్లిషు పేర్లతో వేసిన అంచనాను తెలుగు పేర్లకు అలాగే వాడేస్తే డిస్కు చాలదు. ‘తెలుగంటే మూడింతలు’ అని గుణించేసినా తప్పే. అసలు పేర్లు కొన్ని తీసుకుని కొలుచుకోవడమే మంచి మార్గం.

తెలుగు బరువని తెలుగు మానుకోవాలా? అక్కర్లేదు. ఊరి పేరును ప్రతి పద్దులోనూ రాయకుండా ఒక కోడ్ ఇచ్చేస్తే సరి. 33 బైట్ల పేరు 4 బైట్ల అంకెలో ఒదిగిపోతుంది. పేరు ఒక్కచోట రాసుకుంటే చాలు, తెర మీద మాత్రం చక్కగా తెలుగులోనే కనిపిస్తుంది.

పుస్తకాన్ని మించిన సూచిక!

ఇప్పుడు అసలు అంచనా వేద్దాం. ఒక ప్రాంతంలో 10 లక్షల దస్తావేజులు ఉన్నాయనుకుందాం. ఒక్కోదాని ముఖ్య వివరాలు 500 బైట్లు. మొత్తం 500 ఎంబీ. ‘ఓస్, ఇంతేనా’ అనిపిస్తుంది. కానీ వెతకాలంటే కనీసం మూడు సూచికలు కావాలి.

మొదటిది దస్తావేజు నంబరు సూచిక. 10 లక్షల పద్దులు, ఒక్కోటి 20 బైట్లు. 20 ఎంబీ. వదిలే ఖాళీతో కలిపి 22 ఎంబీ.

రెండోది పేర్ల సూచిక. దస్తావేజుకు నలుగురు చొప్పున 40 లక్షల పద్దులు. పేరు సగటున 20 గుర్తులైతే 60 బైట్లు, సొంత ఖర్చు మరో 16. మొత్తం 76 బైట్లు. అంటే 304 ఎంబీ.

మూడోది ఊరి కోడ్, సర్వే నంబరు కలిసిన సూచిక. దస్తావేజుకు రెండు చొప్పున 20 లక్షల పద్దులు, ఒక్కోటి 28 బైట్లు. 56 ఎంబీ.

ఇక్కడే ఒక మెలిక. దస్తావేజు నంబర్లు వరుసగా పెరుగుతాయి. పుట నిండాక కొత్త పుట తీసుకుంటే చాలు. పేర్లు అలా రావు. ఇవాళ ‘వెంకట’, రేపు ‘అమరావతి’, ఎల్లుండి ‘మునెప్ప’. మధ్యలో ఎక్కడో ఇరికించాలి. అక్కడి పుట నిండుగా ఉంటే దాన్ని రెండుగా చీల్చి సగం సగం సర్దాలి. కిరాణాకొట్టు ఖాతా పుస్తకంలో ‘వ’ అక్షరానికి ఇచ్చిన పుటలు అయిపోతే పడే అవస్థే ఇదీ. ఇలా చీలిపోతూ వచ్చిన పుటలు సగటున 69 శాతమే నిండి ఉంటాయని గణితవేత్తలు ఎప్పుడో తేల్చారు.

కాబట్టి పేర్ల సూచిక 304 కాదు, 441 ఎంబీ. సర్వే నంబర్లది 56 కాదు, 81 ఎంబీ. మూడూ కలిపితే 544 ఎంబీ. అసలు వివరాలేమో 500 ఎంబీ! పుస్తకం కంటే దాని సూచికే లావన్నమాట. ఇవే పేర్లు ఇంగ్లిషులో సుమారు 26 అక్షరాల చొప్పున ఉంటే 441కి బదులు 255 ఎంబీ సరిపోయేది.

కొంత ఊరట కూడా ఉంది. ఒకే సర్వే నంబరు పదిసార్లు వస్తే, దాన్ని ఒక్కసారే రాసి పక్కన పది చిరునామాలు పేర్చే సదుపాయం పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో 2020 నాటి 13వ వెర్షన్‌తో వచ్చింది. అయినా అంచనా వేసేటప్పుడు ఆ లాభాన్ని నమ్ముకోకపోవడమే క్షేమం.

ఖాళీ ఎంత ఉంచాలి?

544 ఎంబీతో కథ అయిపోలేదు. భూముల లావాదేవీలు ఆగవు కదా. మూడేళ్లలో 30 శాతం పెరుగుతాయనుకుంటే సూచికలు 707 ఎంబీ, అసలు వివరాలు 650 ఎంబీ అవుతాయి.

చీలికలతో వదులైపోయిన సూచికను అప్పుడప్పుడూ మళ్లీ కట్టుకోవాలి. పాత ఇంట్లో కాపురం ఉంటూనే పక్కన కొత్త ఇల్లు కట్టుకున్నట్టు, కొత్తది పూర్తయ్యేదాకా పాతది ఉండాల్సిందే. అంటే అన్నిట్లోకీ పెద్ద సూచికకు ఇంకోసారి చోటు: 573 ఎంబీ. కట్టేముందు పేర్లన్నీ అక్షర క్రమంలో సర్దుకోవడానికి తాత్కాలికంగా ఇంచుమించు మరో అంత. అన్నీ కలిపితే 2.5 జీబీ. డిస్కును 80 శాతానికి మించి నింపకూడదన్న జాగ్రత్త కూడా పాటిస్తే 3.1 జీబీ.

500 ఎంబీ వివరాలకు 3.1 జీబీ. ఆరింతలు! పది లక్షల దస్తావేజులు కాక పది కోట్లయితే 310 జీబీ.

‘ఈ రోజుల్లో 310 జీబీ ఒక లెక్కా?’ అనొచ్చు. నిజమే. అంతెందుకు, దస్తావేజుల స్కానింగ్ బొమ్మలు దీన్ని ఎప్పుడో మించిపోతాయి. పది లక్షల దస్తావేజులు, ఒక్కోటి పది పుటలు, పుటకు 50 కేబీ అంటే ఒక్క బొమ్మలే 500 జీబీ. అయితే బొమ్మలు చవకైన, నెమ్మదైన డిస్కులో పడున్నా ఫరవాలేదు. ఈసీ అడిగిన ప్రతిసారీ తడిమేది సూచికనే. అది వేగమైన డిస్కులో ఉండాలి, వీలైతే కంప్యూటర్ ర్యామ్‌లోనే ఉండాలి. అక్కడ చోటు ఖరీదు. అందుకే ఈ లెక్క.

చోటు చాలకపోతే ఏమవుతుంది? డిస్కు నిండిపోతే డేటాబేసు కొత్త పద్దు రాయలేదు. కొన్నిసార్లు పూర్తిగా ఆగిపోతుంది. ‘సర్వర్ డౌన్’ అన్న మాట వెనక కారణాలు సవాలక్ష ఉండొచ్చు. డిస్కు నిండడం మాత్రం ముందే తెలుసుకుని ఆపగలిగిన కారణం. భూముల మార్కెట్ విలువలు పెరుగుతాయనగా ముందురోజు జనం కిక్కిరిసినప్పుడు అలా ఆగితే ముహూర్తం తప్పుతుంది, ఖర్చూ పెరుగుతుంది.

రెడ్డప్పా? రెడ్డెప్పా?

చోటు మిగల్చడానికి ఒక సూచికను మానేస్తే? మన ప్రాంతంలో అది ఎంత ప్రమాదమో చూడండి. మదనపల్లె, పుంగనూరు వైపు రెడ్డెప్ప అన్న పేరు ఊరూరా వినిపిస్తుంది. ఒక దస్తావేజులో ‘రెడ్డెప్ప’, ఇంకోదాంట్లో ‘రెడ్డప్ప’, మరోదాంట్లో ఇంటిపేరు పొడి అక్షరంతో ‘ఎస్.రెడ్డెప్ప’. మనిషికి ముగ్గురూ ఒకరే. సూచికకు మాత్రం ముగ్గురు వేర్వేరు మనుషులు. మూడోవాడైతే ‘ర’ అక్షరం దరిదాపుల్లోనే ఉండడు, ‘ఎ’ దగ్గర దాక్కుంటాడు! పేరుతో మాత్రమే వెతికితే అతగాడి తాకట్టు దొరకదు. ఆస్తి సూచిక అక్కరకొచ్చేది ఇలాంటప్పుడే. మనుషుల పేర్లు ఎన్ని రకాలుగా రాసినా చేను సర్వే నంబరు అదే ఉంటుంది.

ఉచ్చారణను బట్టి పేర్లను జతచేసే సూచికలూ ఉన్నాయి. ఇంగ్లిషు పేర్ల కోసం ‘సౌండెక్స్’ అనే పద్ధతికి అమెరికాలో రాబర్ట్ రస్సెల్ 1918లోనే పేటెంటు పొందారు. అక్కడి జనాభా లెక్కల్లో దాన్ని వాడారు కూడా. అలాంటిది పెడితే మరో 40 లక్షల పద్దులు, మరింత చోటు. అయినా ఒక కుటుంబం మోసపోకుండా ఆపగలిగితే ఆ చోటు దండగ కాదు. అంచనా వేయడమంటే ఎక్కడ తగ్గించాలో చూడటం మాత్రమే కాదు, ఎక్కడ తగ్గించకూడదో తెలుసుకోవడం కూడా.

కాలినా మళ్లీ కట్టుకోవచ్చు... ఏది?

2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు చెలరేగి భూముల దస్త్రాలు కాలిపోయాయి. అది రెవెన్యూ కార్యాలయం, రిజిస్ట్రేషన్ శాఖది కాదు. కానీ నకలు విలువ ఏమిటో ఆ రాత్రి అందరికీ తెలిసొచ్చింది.

ఇండెక్సు పోతే భయం లేదు. అసలు వివరాలుంటే దాన్ని మళ్లీ కట్టుకోవచ్చు. అసలు వివరాలే పోతే సూచిక ఒక్కటీ చేసేదేమీ లేదు. అందుకే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో మామూలుగా తీసే బ్యాకప్‌లో ఇండెక్సు ఉండదు. ‘ఫలానా సూచిక కట్టుకోండి’ అన్న ఒక్క వాక్యమే ఉంటుంది. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. బ్యాకప్ 500 ఎంబీయే ఉందని అంతే డిస్కు తెచ్చిపెట్టుకుంటారు. ఆపద సమయంలో వివరాలు తిరిగి పోస్తుంటే సూచికలు కట్టడం మొదలవగానే చోటు అయిపోతుంది. నకలు పెట్టే చోటు వేరు, నకలును బతికించే చోటు వేరు. రెండో లెక్క ఎప్పుడూ పెద్దదే.

ఇలా లెక్కేద్దాం!

దుకాణానికో బడికో ఆసుపత్రికో డేటాబేసు పెట్టుకుంటున్నవారికి ఉపయోగపడే క్రమం ఇదీ.

• దస్తావేజులను కాదు, సూచికలో పడే పద్దులను లెక్కపెట్టండి. ఒక్కోదానికి రెండో నాలుగో ఉండొచ్చు.
• వెతికే మాట ఎన్ని బైట్లో చూడండి. తెలుగైతే గుర్తుకు మూడు. దానికి 12 నుంచి 16 బైట్ల సొంత ఖర్చు కలపండి.
• వరుసగా వచ్చే సంఖ్యలైతే 0.9తో, ఎటుపడితే అటు వచ్చే పేర్లయితే 0.69తో భాగించండి. పై మెట్లకు వందో వంతు అటూ ఇటూ కలిపితే చాలు.
• రాబోయే మూడేళ్ల పెరుగుదల కలపండి. పెద్ద సూచికను మళ్లీ కట్టడానికి, సర్దుకోవడానికి దానికి రెండింతలు చేర్చండి.
• చివరగా లక్ష పద్దులతో నిజంగా కట్టి చూడండి. కాగితం మీద లెక్కకూ దానికీ తేడా ఎంతో తెలిసిపోతుంది.

ఈసీ తీసేవారికి...

• పేరుతో ఒక్కటే సరిపెట్టుకోకండి. సర్వే నంబరు, సబ్‌డివిజన్‌తోనూ వెతికించండి.
• సర్వే నంబరు సబ్‌డివిజన్‌గా విడిపోయి ఉంటే పాత నంబరుతోనూ చూడండి.
• పేరు రాసే తీరులు ఎన్ని ఉన్నాయో అన్నిటితోనూ ప్రయత్నించండి. ఇంటిపేరు ముందు, వెనక, పొడి అక్షరంగా కూడా.
• 1983కు ముందు లావాదేవీలుంటే పాత పుస్తకాల్లో వెతికించండి.
• రిజిస్టరు కాని అగ్రిమెంట్లు, చేబదుళ్లు ఈసీలో కనిపించవు. వాటిని ఊళ్లో నలుగురినీ అడిగి తెలుసుకోవాల్సిందే. ఎంత పెద్ద డిస్కయినా తనలో రాయని మాట చెప్పలేదు కదా!